పెద్దప్రేగు పోయినా పొలం పని పోదు

ఆపరేషన్ తరువాత జాగ్రత్త పడవలసినది సంచి గురించి కాదు, ఎండ గురించి

మిరప కోతలు ముగిసి కల్లాల మీద కాయ ఎండే రోజుల్లోనే మన ప్రాంతంలో ఎండలు ముదురుతాయి. ఎండ అనగానే రెంటచింతల పేరు రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. ఇలాంటి చోట, ప్రేగు జబ్బుకు ఆపరేషన్ అయి కడుపు మీద సంచి కట్టుకున్న మనిషి చేయకూడని పని ఒకటున్నది. సంచి త్వరగా నిండుతున్నదని నీళ్ళు త్రాగడం మానుకోవడం. సంచి వల్ల ప్రాణభయం లేదు. ఈ దాహం వల్ల ఉన్నది.

ఎందుకీ ఆపరేషన్?

పెద్దప్రేగు లోపలి పొర పుండ్లు పడి, నెత్తురు, జిగటతో విరేచనాలయ్యే వ్యాధిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. దీనికి దాయాది వంటిది క్రోన్స్ వ్యాధి. న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు 1932లో దీనిని వివరించారు. మన దేశంలో ప్రేగులకు వచ్చే క్షయ కూడా ఇదే రూపంలో కనబడుతుంది కనుక పరీక్షలు చేయించకుండా మందులు మ్రింగరాదు. చాలామందికి మందులతోనే నెమ్మదిస్తుంది. మందులకు లొంగనివారికి, ప్రేగు మూసుకుపోయినవారికి, చిల్లు పడినవారికి శస్త్రచికిత్స తప్పదు.

కొలైటిస్ ముదిరినవారికి పెద్దప్రేగును తీసివేసి, చిన్నప్రేగు కొసను కడుపు మీదకు తెచ్చి ద్వారంగా కుడతారు. దీని పేరు ఇలియాస్టమీ. పూర్వం ఈ ద్వారం చుట్టూ చర్మం ఒరిసి పుండయ్యేది. 1952లో ఇంగ్లండు వైద్యుడు బ్రయాన్ బ్రూక్ ప్రేగు కొసను చొక్కా చేతిలా వెనక్కు మడిచి కుట్టే పద్ధతిని ప్రకటించాడు. దానితో ద్రవం చర్మాన్ని తాకకుండా తిన్నగా సంచిలో పడుతుంది. 1978లో లండన్‌లో పార్క్స్, నికల్స్ అనే సర్జన్లు చిన్నప్రేగుతోనే లోపల తిత్తి కుట్టి, మామూలు దారినే విరేచనం అయ్యే పద్ధతిని వెలువరించారు. అది కుదిరినవారికి సంచి సాధారణంగా కొద్ది నెలలే. ఆ తరువాత రోజుకు అయిదారుసార్లు వెళ్ళవలసి వచ్చినా పాతరోజుల తొందర ఉండదు.

ఉప్పు పోతుంది, గమనించండి

మనం త్రాగిన నీటిని, తిన్న ఉప్పును చివరగా పీల్చుకునేది పెద్దప్రేగు. అది లేనప్పుడు రెండూ సంచిలోకి పోతాయి. అన్నీ కుదురుకున్నాక రోజుకు అర లీటరు నుంచి లీటరు లోపు ద్రవం రావడం మామూలే. ఒకటిన్నర లీటరు దాటితే డాక్టరుకు చూపించాలి. ఎండలో చెమట కూడా తోడైతే కాళ్ళు గుంజడం, తల తిరగడం, మూత్రం చిక్కబడడం మొదలవుతాయి. ఇలా నెలల తరబడి సాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాళ్ళు పడతాయి.

ఉత్త నీళ్ళు కడవలకొద్దీ త్రాగినా ఫలితం లేదు. పైగా అవి ఉప్పును వెంటబెట్టుకుని బయటకు పోతాయి. కూల్‌డ్రింకులు అంతకన్నా చేటు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి మేలు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే ఇంట్లోనే తయారయ్యే ద్రావణం అవుతుంది. చెంచాలు తలకొట్టి కొలవాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం ఉప్పు సంగతి డాక్టరును అడగాలి.

కారం మానాలా?

గుంటూరు జిల్లాలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఎల్లకాలం మానవలసిన పని లేదు. ద్వారానికి నొప్పి తెలియదు గానీ కారం ఎక్కువైతే ద్రవం పెరుగుతుంది, చుట్టూ చర్మం మండుతుంది. మొదటి ఆరు, ఎనిమిది వారాలు మెత్తటి అన్నం, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప వంటి వాటితో గడిపి, తరువాత ఒక్కొక్క కూర చేర్చుకుంటూ చూడాలి. కారం కన్నా పీచుతోనే ఎక్కువ జాగ్రత్త. మునక్కాయ పిప్పి, మొక్కజొన్న, పచ్చికొబ్బరి, వేరుశెనగలు నమలకుండా మ్రింగితే ద్వారం దగ్గర అడ్డుపడతాయి. కొన్ని గంటలపాటు సంచిలోకి ఏమీ రాక, కడుపు మెలిపెట్టి వాంతులైతే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి పోవాలి. విరేచనాల మాత్ర వేసుకోరాదు.

టిక్కీ ఎత్తవద్దు

పత్తి తీయవచ్చు, కాయ ఏరవచ్చు, సైకిలు త్రొక్కవచ్చు. కాని ఆపరేషన్ అయిన రెండు మూడు నెలల దాకా బరువులు ఎత్తరాదు. యార్డులో మిర్చి టిక్కీలు మోసే కూలీకి తరువాత కూడా ఆ పని క్షేమం కాదు. ద్వారం ప్రక్కన ప్రేగు జారి ఉబ్బుతుంది. మిరప ఘాటుకు దగ్గు వస్తే అరచేయి ద్వారం మీద అదిమి పట్టుకోవాలి.

ద్వారం ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే రోగిని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని గుర్తు పెట్టాలి. పంచె ముడి, లంగా బొందు ఎక్కడ పడుతుందో రోగి సిగ్గుపడకుండా చెప్పాలి. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. చర్మాన్ని మంచినీటితో కడిగి పొడిగా తుడవాలి. కొబ్బరినూనె రాస్తే సంచి అంటుకోదు. కొత్త సంచులను ఎండలో ఉంచితే జిగురు చెడుతుంది. ద్వారం పెదవి లోపలిలా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే వైద్యునికి చూపించాలి.

క్రోన్స్ వ్యాధి ఆపరేషన్ తరువాత కూడా తిరిగి రావచ్చు. పొగ త్రాగేవారికి ఆ ముప్పు ఎక్కువ. పొగాకు పండే గడ్డమీద చెప్పడం కష్టమైనా, చుట్ట, బీడీ మానడం మందుతో సమానం. నడుము నొప్పికి దుకాణంలో అడిగి మాత్రలు మ్రింగడం కూడా మానాలి.

దాచవద్దు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రోల్ఫ్ బెనిర్ష్కే 1979లో కొలైటిస్‌కు ఆపరేషన్లు చేయించుకొని, 1980లో సంచితోనే మళ్ళీ మైదానంలోకి దిగాడు. ఇలియాస్టమీ ఉన్న స్త్రీలు బిడ్డలను కంటున్నారు. మన రైల్వేలు రోగులకిచ్చే రాయితీలలో ఆస్టమీ రోగుల సీజను టిక్కెట్టు కూడా ఉన్నది. దానికి డాక్టరు ధ్రువపత్రం కావాలి. అనుమానాలుంటే గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో గాని, మంగళగిరి ఎయిమ్స్‌లో గాని సర్జరీ విభాగంలో అడగవచ్చు.

ఊరందరికీ చెప్పనక్కరలేదు. కాని ఇంట్లో ఒకరికి, పొలంలో పక్క సాలున పనిచేసేవారికి తెలిసి ఉండాలి. మిట్టమధ్యాహ్నం మనిషి కళ్ళు తిరిగి కూలబడితే, స్పృహలో ఉన్నంతవరకు ఇవ్వవలసినది ఉప్పు మజ్జిగ అనీ, తేరుకోకపోతే ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాలనీ తెలిసిన మనిషి ఒక్కరుంటే చాలు. ఆ నిండు ప్రాణం దక్కుతుంది.