కెమెరా కంట్లో నలుసు

నీలాకాశం కింద తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే ఒక్కోసారి అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. లెన్స్ ఎంత తుడిచినా పోవు. లెన్స్ మార్చినా అదే చోట ఉంటాయి. దుమ్ము కెమెరా లోపలికి, సెన్సర్ ముందుకు చేరిందన్నమాట. ఫిల్మ్ రోజుల్లో ఈ బెడద ఇంతగా లేదు. ఒక ఫ్రేము మీద నలుసు వాలితే, రీలు తిప్పగానే చాలావరకు దాంతోపాటే పక్కకు పోయేది. డిజిటల్ కెమెరాలో ప్రతి ఫొటోకూ ఒకటే సెన్సర్. దాని ముందు చేరిన నలుసు తీసేదాకా అక్కడే ఉంటుంది.

ఆ సెన్సర్ కథ 1969 అక్టోబరులో అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. కొత్త రకం మెమరీ కోసం ఆలోచిస్తూ విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ ‘సీసీడీ’ రూపురేఖలు గీశారు. సిలికాన్ మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. వాటిని చిన్న చిన్న గళ్లలో పోగుచేసి, గడి నుంచి గడికి జరుపుతూ అంచుదాకా తెచ్చి కొలవడం సీసీడీ పని. మెమరీ కోసం పుట్టినా, బొమ్మలు పట్టడంలోనే దానికి పేరొచ్చింది. 2009 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగభాగం వారిద్దరికీ దక్కింది.

1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ 100 × 100 గళ్ల సీసీడీతో డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపుకెక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం సీమాస్ అనే మరో రకం సెన్సర్‌కు కొత్త రూపమిచ్చింది. ఇప్పుడు ఫోన్ల నుంచి పెద్ద కెమెరాల దాకా దాని వారసులే. శాసన్ కెమెరాలోని పదివేల గళ్లు ఈనాటి 24 మెగాపిక్సెల్ కెమెరాలో రెండు కోట్ల నలభై లక్షలు. 36 × 24 మి.మీ. సెన్సర్‌లో ఒక్కో గడి వెడల్పు సుమారు 6 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సాధారణంగా దానికి పదింతలకు అటూఇటూగా ఉంటుంది.

అయితే దుమ్ము వాలేది ఈ గళ్ల మీద కాదు, వాటి ముందున్న గాజు ఫిల్టర్ మీద. కాబట్టి మనం శుభ్రం చేసేదీ ఆ గాజునే. నలుసుకూ గళ్లకూ మధ్య కాస్త ఎడం ఉండడం వల్లే మచ్చ ఒకసారి కనబడుతుంది, ఒకసారి కనబడదు. గాజు పైభాగం సెన్సర్‌కు 2 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. అపర్చర్ ఎఫ్/2.8 దగ్గర ఒక గడిని చేరే వెలుతురు గాజు మీద దాదాపు 0.7 మి.మీ. వెడల్పు వలయం గుండా వస్తుంది. అందులో 0.05 మి.మీ. నలుసు ఆపేది అర శాతం వెలుతురే, అది కంటికి ఆనదు. ఎఫ్/16 దగ్గర ఆ వలయం 0.125 మి.మీ.కి కుంచించుకుపోతుంది. అదే నలుసు ఇప్పుడు 16 శాతం వెలుతురుకు అడ్డుపడుతుంది.

ఈ దుమ్ము పని పట్టే ఏర్పాటును కెమెరాలోనే పెట్టి 2003లో ఒలింపస్ తన ఈ-1ను తెచ్చింది. సెన్సర్ ముందున్న పలక సెకనుకు వేల సార్లు కంపించి నలుసులను విదిలిస్తుంది. తర్వాత మిగతా కంపెనీలూ ఈ దారి పట్టాయి. పొడి దుమ్ము ఈ కంపనానికి రాలుతుంది కానీ, జిడ్డుగా అంటుకున్నది అంత సులువుగా వదలదు. అప్పుడే మన చేతికి పని.

ముందు పరీక్ష. అపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ తక్కువ పెట్టి, ఫోకస్ చెదరగొట్టి తెల్ల గోడను ఫొటో తీయాలి. లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి, ఫొటోలో పైన ఎడమవైపున్న మచ్చ, కెమెరాకు ఎదురుగా నిలబడి చూస్తే కింద ఎడమవైపున దొరుకుతుంది.

తర్వాత ఫ్యాను ఆపి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, మెనూలోని సెన్సర్ క్లీనింగ్‌ను ఎంచుకోవాలి. డీఎస్ఎల్ఆర్‌లో అద్దాన్నీ షట్టర్‌నూ తెరిచి పట్టి ఉంచేది ఆ ఛార్జే. అది మధ్యలో అయిపోతే రెండూ చేతిలోని పరికరం మీదే పడతాయి. కెమెరా ముఖం కిందికి వంచి, రబ్బరు బ్లోయర్ కొన లోపలికి పోనీయకుండా నాలుగైదుసార్లు గాలి కొట్టాలి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. డబ్బాలో వచ్చే గాలి నుంచి ఒక్కోసారి ద్రవం చిమ్మి గాజు మీద మరక కడుతుంది.

గాలికి పోని మచ్చకే స్వాబ్, అంటే మెత్తని కొన ఉన్న తుడుపు పుల్ల. ఇసుక రేణువు మిగిలి ఉండగా తుడిస్తే, స్వాబ్ కింద నలిగి అదే గాజు పూతను గీకుతుంది. బ్లోయర్ ముందు రావలసింది అందుకే. స్వాబ్ వెడల్పు సెన్సర్ ఎత్తుకు సరిపోవాలి: ఫుల్ ఫ్రేమ్‌కు 24 మి.మీ., ఏపీఎస్-సీకి 16 మి.మీ. సెన్సర్ల కోసమే అమ్మే ద్రవాన్ని రెండు మూడు చుక్కలే వేసి, అది స్వాబ్‌లోకి ఇంకాక ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క ఊపులో లాగాలి. తిప్పి, రెండో వైపుతో వెనక్కి తేవాలి. వాడిన స్వాబ్‌ను మళ్లీ వాడకూడదు. స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాల్లో సెన్సరే కదులుతుంది కాబట్టి చేయి మరీ తేలికగా ఉండాలి. అలాంటి కెమెరాకు తయారీదారు ఏం చెప్పారో ముందే చదవడం తప్పనిసరి.

మళ్లీ పరీక్ష ఫొటో తీసినప్పుడు ఒకటి రెండు చిన్న మచ్చలు మిగిలితే అక్కడితో ఆపేయాలి. ఎఫ్/5.6, ఎఫ్/8లో తీసే ఫొటోల్లో అవి దాదాపు కనబడవు, కనబడినా ఎడిటింగ్‌లో తీసేయడం తేలిక. మరక సాగినా, మచ్చ మొండికేసినా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వడం మేలు. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపేసి, ముఖం కిందికి వంచి పట్టుకుంటే ఈ పని అవసరమే చాలావరకు తగ్గుతుంది. మనం తీసే ఫొటోల్లో మచ్చ కనబడనంత శుభ్రం చాలు. అంతకు మించి తుడిచే ప్రతిసారీ గాజు పూతను ఊరికే ప్రమాదంలో పెట్టినట్టే.