ఋతుశూల - మూలికలు



భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఒడ్డున, అడవి అంచున పర్ణశాల కలదు. అచటి వాగులోని రాళ్లపై కనబడు చారలు సీతమ్మ చీరలారవేసిన గుర్తులని యాత్రికులకు చూపుదురు. ఆ తల్లి చీర తాకిన రాతికి మ్రొక్కు మనము, మన యింటి ఆడపిల్ల నెలకొకమారు కడుపు పట్టుకొని ముడుచుకొని పండుకొన్నపుడు మాత్రము "అందరికిని ఉండునదే" యని ఊరకుందుము. ఆ నొప్పి యేల కలుగును? మూలికలు దాని కెంతవరకు పనికివచ్చును?

చరకసంహితయందు ఉదావర్తిని యను వ్యాధి చెప్పబడినది. వాయువు ఎదురు తిరుగుటచే శూల కలుగుననియు, రక్తము వెడలినంతనే సుఖము కలుగుననియు దాని లక్షణము. రక్తము చక్కగా నడువనిచోట నొప్పి పుట్టునని చీనా వైద్యులును తలంచిరి. ఆధునిక శాస్త్రము కనుగొన్నది మరియొకటి. గర్భాశయపు లోపలి పొర ఊడునపుడు ప్రోస్టాగ్లాండినులను పదార్థములు వెలువడి, కండరమును బిగించి, రక్తప్రసారమును తగ్గించును. అందుచే నొప్పి కలుగును. కావున ఇది పిల్ల గారాబమును కాదు, భ్రమయును కాదు.

చీనాలో దీనికి వాడు మందులలో "నాలుగు ద్రవ్యముల కషాయము" ప్రసిద్ధము. సుంగ్ వంశపు రాజుల కాలమునాటి ప్రభుత్వ ఔషధ గ్రంథమున అది కలదు. అందు ముఖ్యమైన దాంగ్గుయ్, మన వాము, కొత్తిమీరల కుటుంబమునకు చెందిన మొక్క వేరు. 2008లో కోక్రేన్ సంస్థవారు చీనా మూలికలపై జరిగిన 39 పరీక్షలను, అందు పాల్గొన్న 3475 మంది స్త్రీల ఫలితములను విమర్శించిరి. ఫలితములు ఆశాజనకములే కాని, పరీక్షలు జరిపిన తీరు లోపభూయిష్టమగుటచే నిశ్చయముగా చెప్పజాలమనిరి.

మన వంటయింటి శొంఠి సంగతియు ఇట్టిదే. ముట్టు మొదటి మూడు నాలుగు దినములు దినమునకు 750 మొదలు 2000 మిల్లీగ్రాముల శొంఠిపొడి ఇచ్చిన చిన్న పరీక్షలలో నొప్పి తగ్గినట్లు కనబడినది. అశోకపట్టను మన వైద్యులు ముఖ్యముగా అధిక రక్తస్రావమునకు వాడిరి. అయితే వీధుల ప్రక్కన నిటారుగా పెరుగు చెట్టు, జనులు అశోకమని పిలిచినను, నరమామిడి. ఎఱ్ఱని పూగుత్తులు పూయు నిజమైన అశోకము వేఱు.

పేరు తప్పినచో ప్రమాదము కలదు. 1990 తరువాతి తొలి సంవత్సరములలో బెల్జియం దేశమున, బరువు తగ్గుటకై చీనా మూలికల మాత్రలు మ్రింగిన పలువురు స్త్రీల మూత్రపిండములు చెడిపోయినవి. ఒక మూలికకు బదులు, పేరు పోలిన ఈశ్వరి జాతి మూలిక అందు చేరుటయే కారణము. ఆ జాతి మొక్కలలోని విషము పుండ్లను కాదు, క్యాన్సరునే కలిగింపగలదు. ముట్టు రప్పించుటకు ఈశ్వరి వేరును నూరి త్రాగించు ఆచారము మన పల్లెలలోను కలదు. ఎవ రిచ్చినను, ఎంత నమ్మకముతో నిచ్చినను, దానిని త్రాగకుడు.

ఇక చేయదగిన దేమి? పొత్తికడుపుపై వేడినీటి కాపడము నిరపాయము, ఫలదాయకము. ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండినుల పుట్టుకనే అడ్డును. వానిని అన్నము తిన్న పిమ్మట వైద్యుని సలహాపై వాడవలెను. కడుపులో పుండు, మూత్రపిండ వ్యాధి గలవారికి అవి తగవు. రక్తము పలుచనగుటకు మందు వాడువారు దాంగ్గుయ్, శొంఠిపొడి వంటి వానిని వైద్యు నడుగక పుచ్చుకొనరాదు.

నొప్పి ఏటేట హెచ్చుచున్నను, ముట్టు లేని దినములలోను బాధించినను, జ్వరమో అధిక రక్తస్రావమో తోడైనను, కషాయములతో కాలము గడపక ఆసుపత్రికి పోవలెను. అడవి దూరమని, చెప్పుకొనుటకు సిగ్గని జాగు చేయరాదు. పిల్ల నోరు తెరచి "నొప్పి" యన్నపుడు తల్లి నమ్మవలెను. మొదటి మందు అదియే.