జాతరకు జట్టుకట్టుట

సోదరీమణులారా! లాల్‌దర్వాజాలో మా యింటికి నాలుగిండ్ల కవతల పుట్టి పెరిగి, మాతో తొక్కుడుబిళ్ల లాడిన నెచ్చెలి యొకతె నేడు కెనడా దేశమున టొరంటో నగరమందు కాపురము చేయుచున్నది. ఆమె మొన్న మాకొక జాబు వ్రాసినది. జాబనగా ఈ దినములలో సెల్‌ఫోనున వచ్చునదియే. అయినను ఆమె దానిని పూర్వపు టుత్తరమువలె క్షేమసమాచారములతో మొదలిడి నమస్కారములతో ముగించును. తానును, తన స్నేహితురాండ్రు ఏడుగురును గూడి, కరీబియను సముద్రమందలి ట్రినిడాడు ద్వీపమునకు కార్నివాలు అను ఉత్సవమును చూడబోవ నిశ్చయించిరట. "విమానపు టిక్కెట్లు కుదిరినవి, బస కుదిరినది, వేషముల సొమ్ము కుదిరినది. కుదరనిది ఒక్కటే. మాలో నొకామెకు మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. ఆమె దినమంతయు వీథులవెంట నడువజాలదు. ఆమె వచ్చినచో మా వేడుక చెడునని కొందఱును, ఆమెను విడిచిపోవుట తగదని కొందఱును పట్టుపట్టి యున్నారు. మీ వీథివారందఱు గూడి గోలకొండ బోనాలకు పోవుదురు కదా, మీరెట్లు చేయుదురు?" అని యామె ప్రశ్న.

ఆ ప్రశ్నకు మేము వ్రాసిన ప్రత్యుత్తరమే యీ వ్యాసమునకు మూలము. జాతరకు గాని, తీర్థమునకు గాని గుంపుగా పోదలచిన సోదరీమణులకు ఉపయోగపడునేమో యని దానిని కొంత పెంచి యిచట వ్రాయుచున్నాము.

మొదట ఆ కార్నివాలు ఎట్టిదో చెప్పవలెను. క్రైస్తవులు ఈస్టరు పండుగకు ముందు దీక్షాకాల మొకటి పాటింతురు. అది బూడిద బుధవార మను దినమున ఆరంభమగును. దానికి ముందటి సోమ, మంగళవారములే కార్నివాలు. ఈస్టరు చంద్రుని ననుసరించి మాఱునది గనుక, మన పండుగలవలెనే ఇదియు ఏటేట తేదీ మాఱును. 2026లో అది ఫిబ్రవరి 16, 17 తేదీలకు వచ్చినది. పదునెనిమిదవ శతాబ్ది చివరను ఆ ద్వీపమున స్థిరపడిన ఫ్రెంచి తోటదొరలు ఈ వేడుకను వెంట దెచ్చిరి. 1838లో బానిసత్వము పూర్తిగా తొలగినపిమ్మట, విముక్తులైన ఆఫ్రికా సంతతివారు దానిని తమదిగా జేసికొని వీథులలోనికి దెచ్చిరి. 1881లో పోలీసులు వారి కాగడాల ఊరేగింపును అణచజూడగా పోర్ట్ ఆఫ్ స్పెయిను నగరమున పెద్ద ఘర్షణ జరిగినది. అయినను పండుగ నిలిచినది. ఆ ద్వీపము మనకు బొత్తిగా పరాయిదియు గాదు. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను ఓడ భారతీయ కూలీలను మొట్టమొదట అచట దింపినది. 1917 వఱకు ఒప్పందపు కూలీలుగా పోయినవారు లక్షా నలువదివేలకు మించిరి. వారిలో మదరాసు రేవున ఓడ నెక్కినవారును గలరు.

అచట వేషధారులు బ్యాండ్లు అను జట్లలో చేరుదురు. జట్టువారు కొన్ని నెలల ముందే వేషముల నమూనాలను చూపి, సొమ్మును వాయిదాలుగా పుచ్చుకొందురు. పెద్ద జట్లకు వాద్యముల లారీలును, వెనుక విశ్రాంతి బండ్లును, తమవారు చెదరకుండ చుట్టును త్రాడు పట్టుకొని నడచు కావలివారును ఉందురు. నేటి జట్లలో స్త్రీలే యధికము. ఇంతటి యేర్పాటు చేయగలవారికి ఒక మోకాలిని గూర్చి యేర్పాటు తోపకపోవుట చిత్రమే గదా! అయితే నవ్వుటకు మాకు అధికారము లేదు. మేమును అదే పొరపాటు చేసినవారము.

మన బోనాల క్రమము మీలో పెక్కుమంది యెఱిగినదే. ఆషాఢమున మొదట గోలకొండ కోటమీది జగదంబకును, పిమ్మట సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళికిని, ఆ తరువాత మా లాల్‌దర్వాజా సింహవాహినీ మహంకాళికిని బోనములు సమర్పింతురు. 2025లో గోలకొండ బోనాలు జూన్ 26న ఆరంభము కాగా, సికింద్రాబాదున జూలై 13నను, లాల్‌దర్వాజాలో జూలై 20నను జరిగినవి. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప ఇది రాష్ట్రపు పండుగ యైనది. ఈ పండుగ వెనుక ఆపదల జ్ఞాపకములు గలవు. 1813లో కలరా చెలరేగినప్పుడు సైన్యముతో ఉజ్జయినికి పోయియున్న సురటి అప్పయ్య అను డోలీవాడు అచటి మహంకాళికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి సికింద్రాబాదున అమ్మవారిని నిలిపెనని చెప్పుదురు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు, మహారాజా కిషన్ పర్షాదు సలహామీద ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను మా లాల్‌దర్వాజా అమ్మవారికి పూజ చేయించెననియు, అంతట వఱద తగ్గెననియు మా పెద్దలు నేటికిని చెప్పుకొందురు.

మా వీథి స్త్రీలకు, మా అమ్మవారికి బోన మెత్తుటకు ముందు గోలకొండ తల్లిని చూచి వచ్చుట వాడుక. రెండేండ్ల క్రిందట పదుమువ్వురము బయలుదేరితిమి. ఏర్పాటన్నది లేదు. "అందఱము కలిసియే యుందుము గదా" అను నమ్మకమే మా యేర్పాటు. డప్పుల మ్రోతలో ఒకరి మాట ఒకరికి వినబడలేదు. పోతరాజు కొరడా ఝళిపించుచు రాగా జనము రెండుగా చీలినది, మేమును చీలితిమి. కొంత సేపటికి చూడగా మాలో నొకామె కూతురు, తొమ్మిదేండ్ల బాలిక, కనబడలేదు. ముందువారు వెనుకవారితో నున్నదనియు, వెనుకవారు ముందువారితో నున్నదనియు తలచిరి. వెదుకబోయినవారు తామే చెదరిరి. సెల్‌ఫోన్లు మ్రోగినను ఆ రొదలో ఎవరికిని వినబడలేదు. గంటసేపటికి ఆ బిడ్డ ఒక కొబ్బరికాయలంగడి ప్రక్కను ఏడ్చి యేడ్చి నిద్రపోయి యుండగా దొరకినది. తప్పు మాదే, ఇతరులది గాదు. ఆమె తల్లి ఆపైని పెక్కు నెలలు మాతో మనసు విప్పి మాటలాడలేదు.

ఆ యేడే మఱియొక తప్పును చేసితిమి. మా వీథి చివర పూలమాలలు గ్రుచ్చి యమ్ముకొను అవ్వ యొకతె ఒంటిగా నున్నది. డెబ్బదిరెండేండ్లది, మోకాళ్లు వంగవు. "నన్ను గూడ దీస్కపోండ్రి బిడ్డా" అని యామె యడుగగా, "వచ్చే యేడు అవ్వా" అని తప్పించుకొంటిమి.

వచ్చే యేడు రానే వచ్చినది. సంక్రాంతి వెళ్లినపిమ్మట మా వసారాలో అందఱము కూర్చుంటిమి. ఈసారి ముందుగనే అన్నియు నిశ్చయింపవలె నని మా సంకల్పము. పిలువకయే అవ్వయు వచ్చి గడపకడ కూర్చుండినది. కుట్టుపనిచేయు కోడలుపిల్ల యొకతె, "ఎందుకవ్వా కష్టం? టీవీల చూపిస్తరు గద" అనినది. అవ్వ యించుక నవ్వి, "టీవీల నేను అమ్మను జూస్త గని, అమ్మ నన్ను సూస్తదా బిడ్డా?" అనినది. ఒక్కరును మాఱు పలుకలేదు. మేమును పలుకలేదు, అది మాకు సిగ్గయిన విషయము.

ఆ రాత్రి మా వారు పిల్లల వ్రాతపుస్తకములు దిద్దుచుండగా మేము మహాప్రస్థాన కథను తలచుకొంటిమి. చిన్ననాడు మా తండ్రిగారు ఇంటనే మాకు భారతము చెప్పిరి. హిమవంతమున నడచునప్పుడు మొదట పడిపోయినది ద్రౌపది. భీముడు కారణ మడిగెను, ధర్మరాజు చెప్పెను. వెనుదిరిగి చూడక ముందునకు సాగెను. చిన్ననాడు మాకు ఆ ఘట్టమున దుఃఖము వచ్చెడిది. ఈ మాట మా వారితో ననగా, ఆయన కలము ఆపి, "వారు స్వర్గమునకు పోవుచున్నారు. మీరు తిరిగి ఇదే వీథికి రావలసినవారు" అనిరి. ఆ మాట మా మనసున నాటినది. మఱునాడు ఇల్లిల్లు తిరిగి, "అవ్వ రాగల విధముగనే అన్నియు నేర్పఱచుకొందము, రాదలచినవారు రండు" అని చెప్పితిమి. ఇరువురు విముఖులైరి. పదునొకండ్రము మిగిలితిమి.

మొదట దినము. గోలకొండలో ఆషాఢమంతయు గురు, ఆదివారములందు బోనములు జరుగును. గురువారము జనము తక్కువ యుందురని కొందఱు కోరిరి. కాని మాలో నొకామె లాడ్‌బజారున గాజుల దుకాణములో పనిచేయును. గురువారము వచ్చినచో ఆమెకు దినకూలి పోవును. కావున ఆదివారమే నిశ్చయించి, తొలినాటి సందడిని విడిచి, తెల్లవాఱకమునుపే బయలుదేరుద మనుకొంటిమి. పిమ్మట సొమ్ము. నెలకు తలకు నూఱు రూపాయల చొప్పున ఒక రేకుడబ్బాలో వేసితిమి. ఐదు నెలలకు 5,500 రూపాయలు కావలెను. అవ్వ సొమ్మునకు బదులు పూలదండ లిచ్చెద ననగా, వానిని కొనుపని తప్పినది. డబ్బాలో 5,000 చేరినవి. 2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి పథకము వచ్చినది గనుక పోవునప్పుడు నగర బస్సున మాకు ఖర్చు లేదు. ఆధారు కార్డులు మాత్రము కొంగున ముడివేసికొంటిమి. తిరుగుప్రయాణమున అలసియుందురని ఆటోలకు సొమ్ము ఉంచితిమి.

అన్నిటికంటె చిక్కు మెట్లు. బాలాహిస్సారు శిఖరము చేరుటకు సుమారు 360 మెట్లు గలవు. గుడి ఆ దారిలో పైభాగమున నున్నది. ఈ చిక్కును అవ్వయే విడదీసినది. "నేను కిందనే కూసుంట. నా సాక, నా దండ మీరు దీస్కపోండ్రి. మీరు తప్పిపోతె నా కాడికి రాండ్రి" అనినది. కావున జట్టును రెండు పాళ్లుగా జేసితిమి. ఐదుగురు మెట్లెక్కుచుండగా తక్కినవారు అవ్వతో క్రింద నుందురు. వారు దిగినపిమ్మట వీరెక్కుదురు. ప్రతివారికిని ఒక జతకత్తె. కఱ్ఱకు పసుపుగుడ్డ కట్టి, వేపమండ చుట్టి అవ్వచేతి కిచ్చితిమి. తప్పిపోయినవారు వెదుకరాదు, పిలువరాదు, పసుపుగుడ్డకడకు రావలెను. ఇది కట్టడి.

నాటి కథ క్లుప్తముగా చెప్పెదము. బస్సు మాఱి, తెలతెలవాఱుచుండగా కోట చేరితిమి. అవ్వను గోడవార నీడపట్టున కూర్చుండబెట్టితిమి. రెండు ఘడియలలో జనము ఏఱువలె వచ్చిరి. ముగ్గురు జతనుండి తప్పిరి; ముగ్గురును తామే పసుపుగుడ్డకడకు వచ్చి చేరిరి. ఇంతలో పరాయివారి బాలుడొకడు ఏడ్చుచు తిరుగుచుండగా, కొబ్బరికాయ లమ్మువా డొకడు "ఆ జెండా అవ్వ కాడ కూసో" అని తెచ్చి విడిచెను. అవ్వ వానికి పులిహోర పెట్టినది. వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొన్నది యెవరనుకొందురు? రెండేండ్ల క్రిందట కూతురు తప్పిపోయిన ఆ తల్లియే. అవ్వ క్రింద నుండు నని విని, ఆ నమ్మకముమీదనే యామె మరల మాతో వచ్చినది. అఱగంటకు ఆ బాలుని తల్లి పరుగున వచ్చి వాని నెత్తుకొని, అవ్వ కాళ్లమీద పడినది.

లోపము లేదనము. క్యూ మేము తలచినదానికంటె నెంతయో పొడవైనది. రెండవ పాలివారిలో ఇద్దఱికి దర్శనము కాలేదు. అందు మేమును ఉంటిమి. సగము మెట్లెక్కి, ప్రొద్దెక్కిన దని దిగివచ్చితిమి. ఆనాడు మనసు చివుక్కుమనలేదని చెప్పినచో అది అబద్ధమగును. అవ్వ మా ముఖము చూచి, చేతిలోని వేపమండ నొకదానిని త్రుంచి మా కొప్పున దోపినది. ఇంటికి వచ్చునప్పుడు లెక్కించితిమి: పదునొకండ్రము వెళ్లితిమి, పదునొకండ్రము వచ్చితిమి.

పిమ్మట మా లాల్‌దర్వాజా బోనాల దినమున అవ్వ తన గడపకడనే కూర్చుండి, తొట్టెలలును ఫలహారపు బండ్లును పోవుచుండగా చూచినది. విముఖులైన ఆ యిరువురును వచ్చి యామె ప్రక్కను కూర్చుండిరి. మఱునాడు ఘటముల ఊరేగింపునకు వచ్చిన జనములో మా వీథి పిల్లలు తప్పిపోయినప్పుడు ఎచటికి రావలెనో వారికి వేఱుగా చెప్పవలసిన పని కలుగలేదు.

కావున మా నెచ్చెలికి ఇట్లు వ్రాసితిమి: "మొదట నడువలేనామెను పిలిచి, ఎంతదూరము నడువగలవో అడుగుము. అంతయే మీ జట్టు నడక యనుకొనుము. తక్కినవారు అంతకు మించి ఆడదలచినచో వంతులు వేసికొనుడు. ఊరేగింపు పోవు దారిలో నీడగల చోటొకటి ముందుగనే చూచుకొని, ఆమెను అచట నిలుపుడు. ప్రతి గంటకు ఒకతె ఆమెకడకు రావలెను. ఆమె కూర్చున్న చోటే మీ అందఱికి గుఱుతు. కొంత వేడుక తగ్గును, తగ్గదని చెప్పజాలము. కాని తిరిగి ఒకే నగరమున నొకరి ముఖము నొకరు చూచుకొనవలసినవారు మీరు."

సోదరీమణులారా! ఈ వ్యాసము వ్రాయుచుండగా అవ్వ పూలబుట్టతో మా గుమ్మమున నిలిచినది. రేకుడబ్బాలో సొమ్ము వేయుట ఎన్నడు మొదలగునని అడుగుచున్నది. పసుపుగుడ్డ వెలసినదట, క్రొత్తది కావలెనట. లేచి వెదకవలసియున్నది, కావున ఇంతటితో సెలవు.