తల్లులకు పరుగు: అలసట వేరు, వ్యాయామం వేరు

తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, తాను ఉద్యోగానికి పోయి, సాయంకాలం మళ్ళీ పొయ్యి ముందు నిలుచునే స్త్రీకి వేరే వ్యాయామం ఎందుకని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్న సహజమైనదే. పొద్దుగూకేసరికి ఆమె ఒళ్ళు నిజంగానే అలసిపోతుంది. కాని అలసట వేరు, వ్యాయామం వేరు. ఈ రెండింటికీ గల భేదం తెలుసుకొన్నట్లయితే, ఉద్యోగాలు చేసే తల్లులలో కొందరు వేకువజామున ఎందుకు పరుగెత్తుతున్నారో, పరుగు పందాలలో సైతం ఎట్లా పాల్గొనగలుగుతున్నారో బోధపడుతుంది.

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొందాం. చుట్టుపక్కల పల్లెలలో పసుపు ముఖ్యమైన పంట. ఈ ప్రాంతంలో సంపాదించే స్త్రీల పనులను స్థూలంగా మూడు విధాలుగా విభజించవచ్చును. మొదటిది బీడీలు చుట్టడం. రెండవది బడిలో, బ్యాంకులో, ఆస్పత్రిలో, అంగడిలో చేసే ఉద్యోగం. మూడవది పొలం పని.

బీడీలు చుట్టే స్త్రీ ఒడిలో చాట పెట్టుకొని గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. పనిచేసేవి వేళ్ళలోని చిన్న కండరాలు మాత్రమే. మెడ, భుజాల కండరాలు కదలకుండా బిగుసుకొని ఉంటాయి. బిగుసుకొన్న కండరం తనలోని సన్నని రక్తనాళాలను తానే నొక్కివేస్తుంది. అందువలన దానికి రక్తం సరిగా అందదు, నొప్పి పుడుతుంది. రోజంతా నిలుచుండి పాఠం చెప్పే ఉపాధ్యాయినికి కాళ్ళలోకి దిగిన రక్తం తొందరగా పైకి రాదు, కాళ్ళు లాగుతాయి. ఇద్దరూ అలసిపోయినవారే. ఐనా వారి గుండె వేగంలో పెద్ద మార్పు ఉండదు. గుండెకు పని చెప్పని అలసట గుండెను బలపరచదు.

పొలం పని సంగతి వేరు. జనవరి నుండి మార్చి వరకు పసుపు తవ్వే రోజులలో ఎండలో శ్రమించే కూలి స్త్రీ గుండె గట్టిగానే పనిచేస్తుంది. ఆమెకు కావలసింది పరుగు కాదు. కడుపునిండా తిండి, నీరు, నిద్ర. పరుగును గురించి చెప్పబోయే విషయాలు ముఖ్యంగా మొదటి రెండు తరగతులవారికి వర్తిస్తాయి.

పరుగెత్తేటప్పుడు తొడలు, పిక్కలు మొదలైన పెద్ద కండరాలన్నీ ఒక లయలో బిగుస్తూ, సడలుతూ ఉంటాయి. వాటికి ప్రాణవాయువు విస్తారంగా కావాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. పరుగులో ఇది 15 లీటర్లకు పెరగవచ్చును. ఇటువంటి పని క్రమంగా చేయిస్తూ ఉంటే గుండె గది కొంత విశాలమై, గోడ బలపడి, ఒక్కొక్క కొట్టుడుకు ఎక్కువ రక్తాన్ని నెట్టగలుగుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. విశ్రాంతిలో ఒక స్త్రీ నాడి నిమిషానికి 78 సార్లు కొట్టుకొంటున్నదనుకొందాం. 5 లీటర్లను 78 చేత భాగిస్తే ఒక్కొక్క కొట్టుడుకు 64 మిల్లీలీటర్లు వస్తుంది. కొన్ని నెలల సాధన తరువాత నాడి 68కి దిగిందనుకొందాం. ఇప్పుడు ఒక్కొక్క కొట్టుడుకు సుమారు 74 మిల్లీలీటర్లు. అదే పనిని గుండె నిమిషానికి 10 కొట్టుళ్ళు తక్కువతో చేస్తున్నది. రోజుకు 1,440 నిమిషాలు కనుక, 14,400 కొట్టుళ్ళు ఆదా అయినట్లే. మెట్లెక్కినా, బిందె మోసినా మునుపటివలె ఆయాసం రాకపోవడానికి కారణం ఇదే. పరుగువల్ల రోజు పనికి శక్తి తగ్గదు, పెరుగుతుంది.

ఒకప్పుడు స్త్రీల శరీరం దూరపు పరుగుకు పనికిరాదని క్రీడాసంఘాల పెద్దలే నమ్మేవారు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు మొదటిసారి 800 మీటర్లు పరుగెత్తారు. పరుగు చివర వారు సొమ్మసిల్లినట్లు పత్రికలు గోరంతలు కొండంతలు చేసి రాశాయి. దానితో ఆ పందెం రద్దయి, 1960లో రోము క్రీడలలో గాని తిరిగి చోటు చేసుకోలేదు. స్త్రీల మారథాను, అనగా 42.195 కిలోమీటర్ల పరుగు, ఒలింపిక్ క్రీడలలో చేరింది 1984లో.

తల్లి అయిన తరువాత పరుగు ముగిసినట్లేనన్న నమ్మకాన్ని కూడా అనుభవమే తుడిచివేసింది. ఇద్దరు బిడ్డల తల్లి అయిన హాలండు వనిత ఫానీ బ్లాంకర్స్-కోయెన్ 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో 4 స్వర్ణ పతకాలు గెలిచింది. నార్వే దేశపు ఇంగ్రిడ్ క్రిస్టియన్‌సెన్‌కు 1983లో కొడుకు పుట్టాడు. 1985లో ఆమె లండన్ మారథానును 2 గంటల 21 నిమిషాల 6 సెకండ్లలో ముగించి, అంతవరకు ఏ స్త్రీ సాధించని వేగాన్ని సాధించింది. మన దేశంలో పి.టి. ఉష తల్లి అయిన తరువాత, 1998లో జపానులోని ఫుకువోకాలో జరిగిన ఆసియా పోటీలలో 200, 400 మీటర్ల పరుగులలో కాంస్య పతకాలు పొందింది. వీరు గొప్ప క్రీడాకారిణులు. అందరూ వీరివలె పరుగెత్తలేరు. కాని ప్రసవం పరుగెత్తే శక్తిని హరించదని వీరు నిరూపించారు.

ఐతే ప్రసవించిన శరీరానికి కొంత గడువు ఇవ్వాలి. గర్భం మోసినప్పుడు కటివలయం అడుగున ఉండే కండరాలు సాగి బలహీనపడతాయి. పరుగులో ఒక్కొక్క అడుగు నేలను తాకినప్పుడు శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కలుగుతుంది. సాగిన కండరాలు ఆ తాకిడిని భరించలేకపోతే మూత్రం జారడం వంటి బాధలు వస్తాయి. చాలామంది స్త్రీలు వీటిని సిగ్గువల్ల ఎవరికీ చెప్పరు. ఇవి సిగ్గుపడవలసినవి కావు. వైద్యుల సలహాతో, తగిన వ్యాయామంతో చాలావరకు నయమవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సుమారు 60 శాతం కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవే. కోత పైకి మానినట్లు కనిపించినా లోపలి పొరలు బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. కనుక మొదట నడక. మూడు నెలలు నిండక పరుగు తలపెట్టకపోవడం, తలపెట్టేముందు వైద్యునికి చూపించుకోవడం మంచిది. బిడ్డకు పాలిచ్చే తల్లి మితంగా పరుగెత్తితే పాలు తగ్గవు, చెడిపోవు.

గడువుకన్న ముఖ్యమైనది నెత్తురు. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును కండరాలకు మోసుకొని పోయేది రక్తంలోని హీమోగ్లోబిన్. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. స్త్రీకి 100 మిల్లీలీటర్ల రక్తంలో కనీసం 12 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండాలి. అప్పుడు మోసే ప్రాణవాయువు 16 మిల్లీలీటర్లు. హీమోగ్లోబిన్ 9 గ్రాములకు పడిపోతే అది 12 మిల్లీలీటర్లే. అనగా నాలుగవ వంతు నష్టం. ఈ లోటును పూడ్చడానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. నాలుగు అడుగులు వేయగానే ఆయాసపడే స్త్రీని సోమరి అనడం అన్యాయం. ఆమెకు నెత్తురు చాలకపోయి ఉండవచ్చును.

ఇది ఎవరో కొందరి సమస్య కాదు. పైన చెప్పిన సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. నెలనెలా పోయే రక్తం, కాన్పులు, అందరూ తిన్న తరువాత మిగిలింది తినే అలవాటు దీనికి కారణాలు. కనుక పరుగు మొదలుపెట్టదలచిన తల్లి బూట్లు కొనడానికి ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలోనే జరుగుతుంది. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు, గుడ్లు, మాంసం ఇనుమునిస్తాయి. అన్నంతోపాటు నిమ్మరసమో ఉసిరికాయో తింటే ఆకుకూరలలోని ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే తాగే తేనీరు దానిని అడ్డుకొంటుంది. లోటు ఎక్కువగా ఉంటే తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావాలి.

పరుగుకు ఎంత శక్తి ఖర్చవుతుంది? కిలోగ్రాము బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు ఒక కిలోకాలరీ అని గుర్తుంచుకొంటే చాలు. 55 కిలోల స్త్రీ 5 కిలోమీటర్లు పరుగెత్తితే 275 కిలోకాలరీలు. ఇది సుమారు 80 గ్రాముల బియ్యానికి సమానం. పరుగెత్తే తల్లి ఆ మేరకు ఎక్కువ తినాలి. ఇందులో దాదాపు నాలుగింట మూడు వంతులు, సుమారు 200 కిలోకాలరీలు, కండరాలలోనే వేడిగా మారుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే 0.58 కిలోకాలరీ వేడి పోతుంది. లెక్క ప్రకారం ఆ వేడిని పోగొట్టడానికి సుమారు 350 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. ఎండకాలంలో ఆర్మూరు వంటి చోట ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాలి చర్మంకన్న వేడిగా ఉన్నప్పుడు చెమట ఒక్కటే దిక్కు. అందుకే పరుగు సూర్యోదయానికి ముందే ముగించుకోవాలి, నీళ్ళు తాగాలి.

మొదటి వారంలో కాళ్ళు నొప్పులు పుడతాయి. దీనికి లాక్టిక్ ఆమ్లం కారణమని చాలా పుస్తకాలలో కనబడుతుంది. కాని ఆ ఆమ్లం పరుగు ఆపిన గంటలోపే రక్తంలో తగ్గిపోతుంది. మరునాడు, ఎల్లుండి కనిపించే నొప్పికి కారణం అలవాటులేని పనివల్ల కండరపు పోగులలో కలిగే అతిసూక్ష్మమైన గాయాలు. అవి మానేటప్పుడే కండరం బలపడుతుంది. పసుపు పాలు తాగితే ఈ నొప్పి పోతుందా? పసుపులోని కుర్కుమిన్‌కు వాపును తగ్గించే గుణమున్నట్లు ప్రయోగశాలలలో కనిపించింది. కాని పసుపు కొమ్ములో అది నూటికి కొన్ని పాళ్ళు మాత్రమే. తిన్నదానిలోనూ చాలా తక్కువ రక్తంలో చేరుతుంది. పాలు తాగితే మాంసకృత్తులు దక్కుతాయి; నొప్పికి అసలు మందు మాత్రం విశ్రాంతి, నిద్ర. రాత్రంతా పసిబిడ్డతో మేలుకొన్న తల్లి మరునాడు పరుగు మానడం తప్పు కాదు.

ఎట్లా మొదలుపెట్టాలి? ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇట్లా అరగంట, వారానికి మూడు రోజులు. వారాలు గడిచేకొద్దీ పరుగును పెంచి నడకను తగ్గించాలి. వేగానికి కొలత మాట. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి వైద్యుని వద్దకు పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించిన ప్రకారం పెద్దలకు వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ కావాలి. మూడు పరుగులతో ఈ లెక్క ఇంచుమించు తీరుతుంది.

పందెంలో చేరడంవల్ల ఒక మేలున్నది: తేదీ ముందే తెలుస్తుంది కనుక సాధన మానరు. హైదరాబాదులో 2011 నుండి మారథాను జరుగుతున్నది. 2017 ఆగస్టులో జయంతి సంపత్ కుమార్ అనే ఉద్యోగిని చేనేత చీర కట్టుకొని అక్కడ పూర్తి మారథానును సుమారు 5 గంటలలో ముగించింది. ఇటువంటి పందాలలో వేలమంది పాల్గొంటారు; గెలిచేవారు కొద్దిమందే. మిగిలినవారు కిందటిసారికంటె తాము ఎంత మెరుగైనామో చూసుకొంటారు.

ఇన్ని చెప్పినా తల్లికి అసలు కొరత బలం కాదు, తీరిక. వేకువన ఆమె పరుగుకు పోతే పొయ్యి వెలిగించేవారెవరు, బిడ్డ లేస్తే ఎత్తుకొనేవారెవరు? వారానికి మూడు అరగంటలు భర్త గాని, అత్తగారు గాని, ఎదిగిన కొడుకు గాని ఆ పని అందుకొంటే చాలును. పరుగెత్తడానికి చోటు కూడా కావాలి. లారీలు తిరిగే జాతీయ రహదారి మీద చీకటిలో పరుగెత్తడం ప్రమాదకరం. చాలా ఊళ్ళలో ఉన్నత పాఠశాలకు మైదానం ఉంటుంది. ఉదయం ఒక గంటసేపు దాని తలుపు తల్లుల కోసం తెరిచి ఉంచడం ఉపాధ్యాయులకు అసాధ్యమైన పని కాదు. విద్యార్థులు చేయగలిగింది కూడా ఉన్నది. ఇంట్లో అమ్మ నిద్రలేవగానే ఆమె మణికట్టు పట్టుకొని, గడియారం చూస్తూ ఒక నిమిషం నాడి లెక్కపెట్టి రాసుకోండి. మూడు నెలల సాధన తరువాత మళ్ళీ లెక్కపెట్టండి. రెండు అంకెలకూ గల తేడాను 1,440 చేత గుణిస్తే, అమ్మ గుండెకు రోజుకు ఎంత శ్రమ తగ్గిందో మీకే తెలుస్తుంది.