భారీ ట్రక్కు ఇంజన్ శీతలీకరణ వ్యవస్థ: నిర్వహణ, ఉన్నతీకరణ – ఒక వివరణ

వ్యాససంగ్రహం:
భారీ ట్రక్కు ఇంజన్ వేడెక్కినప్పుడు థర్మోస్టాట్‌ను తొలగించడం, పెద్ద రేడియేటర్ బిగించడం మెకానిక్ షెడ్లలో తరచుగా కనిపించే పరిష్కారాలు. అయితే కూలెంట్ వేడిని మోసుకుపోయే ద్రవమే కాక, ఇంజన్ లోహాన్ని కాపాడే రసాయన కవచం కూడా. దాని స్థితిని పట్టించుకోకుండా చేసే ఉన్నతీకరణ ఫలితమివ్వదని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డీజిల్ ఇంజన్, రేడియేటర్, కూలెంట్, థర్మోస్టాట్, లైనర్, కేవిటేషన్.

1. ఉపోద్ఘాతం:
డీజిల్ దహనంలో విడుదలయ్యే శక్తిలో భారీ ఇంజన్లు పనిగా మార్చగలిగేది సుమారు 40 శాతం. మిగిలినది వేడిగా మారి, కొంత పొగగొట్టం ద్వారా, కొంత శీతలీకరణ వ్యవస్థ ద్వారా బయటకు పోవాలి. నిండు బరువుతో మారేడుమిల్లి–చింతూరు వంటి ఘాట్ రోడ్డు ఎక్కే లారీలో ఈ భారం గరిష్ఠస్థాయికి చేరుతుంది. ఇంజన్ పూర్తిశక్తితో పనిచేస్తున్నా బండి వేగం తక్కువ కావడంతో ఎదురుగాలి తోడ్పాటు దాదాపు ఉండదు. రేడియేటర్ గుండా గాలిని లాగే పని అంతా ఫ్యాన్‌దే అవుతుంది. ఈ దశలో వ్యవస్థ విఫలమైతే సిలిండర్ హెడ్ వంగిపోవడం, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినడం, పిస్టన్ పట్టేయడం సంభవిస్తాయి. ఒక్క లారీయే జీవనాధారమైన యజమానికి మరమ్మతు ఖర్చుతోపాటు బండి నిలిచిన రోజుల కిరాయి కూడా నష్టమే.

2. వ్యవస్థ పనితీరు:
వాటర్ పంపు కూలెంట్‌ను ఇంజన్ బ్లాకులోకి, సిలిండర్ హెడ్‌లోకి పంపుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకొని ఉండి, కూలెంట్‌ను బైపాస్ మార్గంలో తిరిగి పంపువైపు మళ్ళిస్తుంది. చాలా ఇంజన్లలో సుమారు 82 డిగ్రీల సెల్సియస్ వద్ద అది తెరుచుకోవడం మొదలై, కూలెంట్ రేడియేటర్‌కు చేరుతుంది.

థర్మోస్టాట్‌ను తీసివేస్తే ఇంజన్ చల్లబడుతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. అనేక భారీ ఇంజన్లలో బైపాస్ మార్గాన్ని మూసేది కూడా థర్మోస్టాటే. అది లేనప్పుడు వేడి కూలెంట్‌లో కొంతభాగం రేడియేటర్‌ను చేరకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. ఫలితంగా ఘాట్ మీద ఇంజన్ మరింత వేడెక్కవచ్చు. తేలికపాటి ప్రయాణంలో తగినంత వేడెక్కక, ఇంజన్ ఆయిల్‌లో మడ్డి చేరి అరుగుదల పెరుగుతుంది.

రేడియేటర్ మూత పాత్ర కూడా గుర్తింపదగినది. సముద్రమట్టం వద్ద 100 డిగ్రీలకు మరిగే నీరు, మూత సుమారు 1 బార్ అదనపు పీడనాన్ని నిలిపితే 120 డిగ్రీల వరకు మరగదు. మూతలోని స్ప్రింగు, రబ్బరు వాషరు బలహీనపడితే ఈ రక్షణ పోతుంది.

3. కూలెంట్ – రసాయన కవచం:
దారిలో దొరికిన బోరునీటిని రేడియేటర్‌లో నింపడం పరిపాటి. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి లోహంపై పొలుసుగా పేరుకుంటాయి. ఈ పొర ఇనుము కంటే కనీసం 20 రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందువల్ల మీటరులో కూలెంట్ ఉష్ణోగ్రత మామూలుగా కనిపిస్తున్నా, పొర వెనుక లోహం ప్రమాదకరంగా వేడెక్కుతుంది.

రెండవ ప్రమాదం కేవిటేషన్. భారీ డీజిల్ ఇంజన్లలో ఎక్కువగా కూలెంట్‌ను నేరుగా తాకే లైనర్లుంటాయి. పిస్టన్ తాకిడికి లైనర్ అతివేగంగా కంపిస్తుంది. ఆ కంపనం వల్ల దాని వెలుపలి గోడమీద సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టి, లోపలికి కుప్పకూలుతూ లోహాన్ని తొలుస్తాయి. గుంటలు క్రమంగా రంధ్రాలై, కూలెంట్ సిలిండర్‌లోకీ ఆయిల్‌లోకీ చేరుతుంది. కూలెంట్‌లోని నైట్రైట్, మాలిబ్డేట్ వంటి రక్షక రసాయనాలు లైనర్‌పై పలుచని పొర ఏర్పరచి ఈ దాడిని అడ్డుకుంటాయి. సేంద్రియామ్లాల ఆధారంగా తయారైన దీర్ఘకాలిక కూలెంట్లు కూడా వేరొక రసాయన మార్గంలో ఇదే రక్షణనిస్తాయి. ఉత్త నీటిలో ఈ రక్షణ లేదు.

ఇథిలీన్ గ్లైకాల్‌నూ శుద్ధజలాన్నీ సమపాళ్ళలో కలిపిన మిశ్రమం సాధారణంగా సూచింపబడుతుంది. గ్లైకాల్ ఎక్కువైతే మేలు పెరగదు. నీటికంటే దాని ఉష్ణగ్రహణ శక్తి తక్కువ కావడమే ఇందుకు కారణం. రంగును బట్టి కూలెంట్ రకాన్ని నిర్ణయించడం, వేర్వేరు రకాలను కలపడం కూడా సరికాదు.

4. నిర్వహణ క్రమం:
అ) కూలెంట్ మట్టాన్ని ఇంజన్ చల్లారిన తరువాతే చూడాలి. వేడిమీద మూత తీస్తే ఎగజిమ్మే ఆవిరి డ్రైవరునూ క్లీనరునూ తీవ్రంగా కాల్చగలదు.
ఆ) గ్లైకాల్ పాలును రిఫ్రాక్టోమీటరుతోనూ, రక్షక రసాయనాల స్థాయిని పరీక్షాపట్టీలతోనూ కొలవాలి. తగ్గుదలకు నీరు కాక, తయారీదారు సూచించిన మిశ్రమాన్నే చేర్చాలి.
ఇ) ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చేరిన దుమ్మును ఫ్యాన్ వైపునుండి, రేకులు వంగనంత తక్కువ ఒత్తిడితో శుభ్రపరచాలి.
ఈ) బెల్టు బిగువు, గొట్టాల మెత్తదనం, పంపు సీలు కారుదల పరిశీలించాలి.
ఉ) తీసివేసిన కూలెంట్‌ను నేలపై పారబోయరాదు. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పశువులు తాగితే మరణించవచ్చు.

5. ఉన్నతీకరణకు ముందు లోపనిర్ధారణ:
థర్మోస్టాట్ తెరుచుకున్న తరువాత, బరువు లాగుతున్న స్థితిలో రేడియేటర్ పై గొట్టం, కింది గొట్టం ఉష్ణోగ్రతలను పోల్చాలి. తేడా మామూలుకంటే ఎక్కువైతే కూలెంట్ ప్రవాహం తగ్గినట్లు. పంపునో, పూడుకున్న గొట్టాలనో అనుమానించాలి. తేడా తక్కువైతే గాలి ప్రవాహంలో లోపముందని భావించాలి. కూలెంట్‌లో ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను పరీక్షించాలి. వీటిలో ఏ లోపాన్నీ పెద్ద రేడియేటర్ సరిచేయలేదు.

లోపాలు తొలగిన తరువాత కూడా, భారం పెరిగినందువల్ల ఇంజన్ వేడెక్కుతుంటేనే ఉన్నతీకరణ సమంజసం. మొదట ఫ్యాన్ చుట్టూ సరైన ష్రౌడ్ ఉండేలా చూడాలి. అది లేకపోతే వేడిగాలే మళ్ళీ ముందుకు తిరిగివస్తుంది. ఫ్యాన్ వేగాన్ని 10 శాతం పెంచితే అది గుంజే శక్తి సుమారు 33 శాతం పెరుగుతుంది. కాబట్టి అవసరమైనప్పుడే వేగం పుంజుకునే విస్కస్ ఫ్యాన్ క్లచ్ డీజిల్‌నూ ఆదా చేస్తుంది. మందమైన రేడియేటర్ గాలికి అడ్డంకినీ పెంచుతుంది; ఫ్యాన్ సామర్థ్యం చూడకుండా దాన్ని బిగిస్తే ఆశించిన ఫలితం రాదు. కూలెంట్ మట్టం తగ్గితే హెచ్చరించే సెన్సర్ తక్కువ ఖర్చుతో ఎక్కువ రక్షణనిస్తుంది.

6. ముగింపు:
శీతలీకరణ వ్యవస్థలో ద్రవం, పీడనం, ప్రవాహం, గాలి పరస్పరాశ్రితాలు. ఒకదాని లోపాన్ని మరొకదాని పరిమాణం పెంచి కప్పిపుచ్చలేం. ద్రవపరీక్ష, లోపనిర్ధారణ, ఆ తరువాతే ఉన్నతీకరణ అన్న వరుసను పాటించడం ఇంజన్ ఆయుష్షుకూ, దానిపై ఆధారపడిన కుటుంబాల ఆదాయానికీ శ్రేయస్కరం.