నోటు మీద మన అక్షరం

సూర్యాపేటలో బస్సెక్కి విజయవాడ వైపు పోతే ముందు మునగాల వస్తుంది, తర్వాత కోదాడ, అది దాటితే జగ్గయ్యపేట. 1948కి ముందు ఈ దారిన బయల్దేరినవాడు రెండు రకాల డబ్బు మొలలో దోపుకోవాల్సిందే. సూర్యాపేట నిజాం ఇలాకా, అక్కడ సర్కారు డబ్బు హాలీ సిక్కా. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా అది మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా ముక్క. అక్కడ నడిచేది ఇంగ్లీషు రూపాయి, జనం నోట్లో కల్దారు. కోదాడలో మళ్లీ హాలీ, జగ్గయ్యపేటలో మళ్లీ కల్దారు. 6 కల్దార్లకు 7 హాలీలు. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు లెక్కపెట్టి ఇవ్వాలి. నోటి లెక్క రానివాడు ఆ దారిలో వ్యాపారం చేయలేడు.

దేశదేశాల నోట్లు సేకరించే సరదా మన పట్టణాల కుర్రాళ్లకూ అంటుకుంది. మొదట కొనేది చాలావరకు జింబాబ్వే నోటే. 2009లో ఆ దేశం వేసిన వంద ట్రిలియన్ డాలర్ల కాగితం, ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. చూడ్డానికి బాగుంటుంది కానీ, నన్నడిగితే ఇంటి పక్కనున్న హాలీ నోటు వదిలేసి అంత దూరం పోనక్కర్లేదు.

హైదరాబాద్ కాగితపు నోట్లకు దారి వేసింది 1918 చట్టం. తొలి రోజుల్లో లండన్‌లోని 'వాటర్‌లో' అనే కంపెనీ అచ్చేసింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లోనూ విలువ రాసి ఉంటుంది. వీటిలో ఒక విడత బొంబాయికి వస్తున్న 'ఈజిప్ట్' ఓడలో ఉండగా, 1922 మే 20న పొగమంచులో మరో ఓడ ఢీకొని అది ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగింది. పదేళ్లకు ఇటలీ గజ ఈతగాళ్లు బంగారం, వెండి కోసం దిగితే ఈ కాగితాలూ పైకొచ్చాయి. వాటి మీద సంతకం పడలేదు కాబట్టి డబ్బుగా చెల్లవు. సేకరించేవాళ్లకు అవే ముద్దు.

అసలు ఈ నోట్ల జాతకమంతా సంతకంలోనే ఉంటుంది. ఆర్థిక మంత్రి మారితే సంతకం మారుతుంది, సంతకం మారితే అది వేరే నోటు కింద లెక్క. గులాం మహమ్మద్ సంతకం దొరికితే, ఆయనే తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్. జాహిద్ హుస్సేన్ సంతకమైతే, ఆయన పాకిస్తాన్ స్టేట్ బ్యాంకుకు తొలి గవర్నర్. కోదాడ, మిర్యాలగూడ పాత షావుకార్ల ఇనప్పెట్టెల్లో ఇలాంటి నోటేదైనా దొరికితే ఇస్త్రీ చేయకండి, ప్లాస్టర్ అంటించకండి.

హాలీ కథ 1959లో ముగిసింది. మునగాల నల్లగొండ జిల్లాలో కలిసిందీ ఆ ఏడాదే.

జింబాబ్వేలా ఆఫ్రికా నోటే కావాలనుకుంటే మారిషస్‌ది పట్టుకోండి. అక్కడిదీ రూపాయే. నోటు మీద ఇంగ్లీషు, తమిళం, దేవనాగరి ఉంటాయి. 1998లో కొత్త వరుస వేసినప్పుడు తమిళాన్ని మూడో స్థానానికి దించారు. తమిళులు భగ్గుమన్నారు. సర్కారు దిగొచ్చి ఆ నోట్లు వెనక్కి తీసుకుంది, 1999లో పాత వరసలోనే మళ్లీ వేసింది. అందుకే ముందు నోటు మీద ఏడాది చూడాలి, ఆ తర్వాత లిపుల వరస. 2013 నుంచి 25, 50, 500 నోట్లు పాలిమర్‌లోనూ వస్తున్నాయి, వాటికి ఆల్బమ్‌లో వేరే పేజీ కేటాయించాలి.

చెరుకు తోటల పనికి కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్ల మునిమనవలు ఆ దీవిలో ఉన్నారు. ఉగాదికి అక్కడ సర్కారు సెలవుంది, బడిలో తెలుగు చెబుతారు. నోటు మీద మాత్రం తెలుగు లేదు. హాలీ నోటుంటే దాని పక్కనే పెట్టుకోవచ్చు.