వంచనకు పరిహారము చాలునా?

మండపేట ప్రాంతమున ధాన్యమే ధనము. విత్తనము మొదలు మిల్లు గుమ్మము వఱకు ప్రతి బేరమును నమ్మకముమీదనే నడచుచున్నది. ఈ బేరములలో మాట తప్పుట వేఱు, మోసగించుట వేఱు. తుపానుకు చేను మునిగి, ఒప్పుకొన్న ధాన్యమును చేర్చలేని రైతు మాట తప్పెనే గాని మోసము చేయలేదు. మొలకెత్తదని యెఱిగియు విత్తనమని సంచి కుట్టి అమ్మినవాడు మోసగాడు. వీరిద్దఱిని ఒక్క త్రాసున తూచుట న్యాయమా?

1872 నాటి ఒడంబడికల చట్టము 73వ సెక్షను, ఒడంబడిక భంగమువలన సహజముగా కలిగిన నష్టమును, లేదా భంగమైనచో కలుగునని ఉభయులు ముందే యెఱిగిన నష్టమును మాత్రమే యిప్పించును. పత్రములో పెద్దమొత్తము జరిమానాగా వ్రాసికొన్నను, 74వ సెక్షను ప్రకారము దానికి మించకుండ సమంజసమైన పరిహారమే లభించును. మాట తప్పినవానియెడ ఇది ధర్మమే. వంచకుని యెడ ఇది చాలదు. పదిమందిని వంచింపగా ఒక్కడే వ్యాజ్యమునకు వచ్చెననుకొందము. ఆ యొక్కని నష్టము తీర్చి, తక్కిన తొమ్మండుగురి సొమ్మును వంచకుడు నిర్భయముగా అనుభవించును. చెల్లింపవలసిన పరిహారముకంటె లాభమే యెక్కువయని లెక్కవేసి చేసిన దుష్కృత్యమునకు దండనరూపమైన సొమ్ము విధింపవచ్చునని 1964లో ఆంగ్లదేశపు ప్రభువుల సభ తీర్పు చెప్పినది ఇందులకే.

విత్తనము కానిదానిని విత్తనమని అమ్మువానికి మనుస్మృతి నవమాధ్యాయము అంగచ్ఛేదము విధించినది. అంతటి క్రౌర్యము మనకు వలదు. కాని 1966 నాటి విత్తనముల చట్టము తొలి నేరమునకు 500 రూపాయలకు మించని జరిమానాతో సరిపుచ్చినది. ఇది దండనమా, అనుమతి రుసుమా?

నాసి విత్తనమువలన పంట పోయిన ఆంధ్రరైతుల వ్యాజ్యములలో, రైతును వినియోగదారుడేయని 2012లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. విత్తిన రైతు పరీక్షకై గింజలు దాచియుంచలేదని త్రోసివేయరాదనియు చెప్పినది. ఆ మార్గమున దండన పరిహారమును గూడ కోరవచ్చును. 2002 సవరణ వినియోగదారుల చట్టమున ఈ యధికారమును చేర్చినది. 2019 చట్టము 39వ సెక్షను దానిని నిలిపినది.

అయితే అడుగక వచ్చునది కాదు. ఒక మోటారు కంపెనీపై వినియోగదారుల జాతీయ కమిషను విధించిన 25 లక్షల రూపాయల దండన పరిహారమును 2014లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఏలయన, ఫిర్యాదులో ఆ కోరిక లేదు. దానికి సమాధానము చెప్పుకొను అవకాశము కంపెనీకి కలుగలేదు. కావున రైతు రసీదును, చీటీతోకూడిన ఖాళీసంచిని భద్రపఱచవలెను. పైరు చేనిలో నుండగనే వ్యవసాయాధికారిచే పరీక్ష చేయింపవలెను. వంచనను, దండన కోరికను ఫిర్యాదులోనే స్పష్టముగా వ్రాయింపవలెను.

వర్తకమునకై కొన్నవానికి సాధారణముగా ఈ ద్వారము మూసియున్నది. మిల్లుదారును వంచించిన వర్తకుడు పరిహారముతోనే బయటపడుచున్నాడు. బుద్ధిపూర్వకమైన వంచన ఋజువైనచోట, ఒడంబడిక వ్యాజ్యములలోను దండనాధికారము న్యాయస్థానములకు కలుగవలెను. మోసము లాభసాటియైన సంతలో నిజాయితీపరుడు నిలువజాలడు.